గుర్తింపు రాని బ్యాచ్

నగర్తపేటలో గాజుల వ్యాపారం చేసుకునే ఇంట్లో పుట్టింది నేత్రావతి. వాళ్ల వంశంలో ఇంజనీరింగ్ చదివిన మొదటి మనిషి. దొడ్డబళ్ళాపురం దారిలో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో చాలా ఏళ్లుగా సివిల్ పాఠాలు చెబుతోంది. ఆమె నోట అబద్ధం రాదని పిల్లల్లో పేరు.

ఆ ఏడు కాలేజీకి గుర్తింపు ఇచ్చే అక్రెడిటేషన్ బృందం వచ్చింది. వాళ్లు సరేనంటే ఆ డిగ్రీ ఒప్పందంలో ఉన్న పరాయి దేశాల్లోనూ చెల్లుతుంది. లేదంటే ఎవరి చదువు వాళ్లే విడిగా రుజువు చేసుకోవాలి. గోడలకు కొత్త రంగులు పడ్డాయి. "అడిగినదానికే జవాబు చెప్పండి" అని ప్రిన్సిపాల్ దర్శన్ అందరికీ చెప్పి ఉంచాడు.

ల్యాబులో ఇనుప కడ్డీని లాగి దాని బలం తేల్చే యంత్రం ఉంది. బృందంలోని పెద్దాయన దాని స్విచ్ మీది దుమ్ము వేలితో తుడిచాడు.

"దీన్ని పిల్లలు నడుపుతున్నారా అమ్మా?"

దర్శన్ ఆమె వంక చూశాడు. ఔననడం ఎంతసేపు!

"లేదు సార్. చెడిపోయి రెండేళ్లయింది. సీనియర్ల కొలతలు చూసి రాసుకుంటా ఉండారు."

గుర్తింపు రాలేదు. నివేదికలో ఇంకా బోలెడు లోపాలున్నాయి. అయినా కాలేజీలో అందరి వేళ్లూ నేత్రావతినే చూపించాయి.

ఆ ఏడు చదువు ముగించిన బ్యాచ్‌లో శిరీష ఉంది. దొడ్డబళ్ళాపురం మగ్గాల వాళ్ల అమ్మాయి, చురుకైంది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక కంపెనీలో ఆస్ట్రేలియా వంతెనలకు లెక్కలు వేసే పనిలో చేరింది. అక్కడి సైటుకు ఒకరిని పంపాల్సి వస్తే, ముందు శిరీష పేరే అనుకుని, డిగ్రీ చెల్లదని తెలిసి ఆగిపోయారట. ఆ మాట చెవిన పడ్డాక నేత్రావతికి ముద్ద దిగలేదు. శనివారం ఆ ఆఫీసు కిందున్న టీ కొట్టు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నా నోటి వల్లే నీకు ఇట్లయింది శిరీషా."

"మీరు నిజం చెప్పినారని నాకేం కోపం లేదు మేడమ్," అంది శిరీష, టీ గ్లాసు పక్కన పెట్టి. "మేము నేర్చుకునేటప్పుడు మీరు ఆ రెండేళ్లూ ఊరికే ఉండి, కాపీ కొట్టిన రికార్డుల మీద సంతకాలు పెట్టినారే. వాళ్లొచ్చి అడిగితేనే నోరు తెరిచినారు. దానికి కోపం."

నేత్రావతి కుమిలిపోతున్నది వేరే తప్పుకు. చేసిన తప్పు వేరే.

మరుసటి ఏడు యంత్రం బాగైంది, గుర్తింపూ వచ్చింది. అది వెనకటి బ్యాచ్‌లకు వర్తించదు. నేత్రావతి దర్శన్‌ను పట్టుబట్టి ఒప్పించి, ఒక ఆదివారం ల్యాబు తెరిపించి, ఆ యంత్రం నడపకుండానే వెళ్లిన పాత విద్యార్థులను పిలిచింది. వచ్చింది నలుగురే. శిరీష కడ్డీ బిగించి లాగించింది. అది ఫట్‌మని తెగింది. సూచిక ఆగిన చోటు చూసి, "మేము రాసిన అంకెకు దగ్గర్లో కూడా లేదు కదా మేడమ్," అని నవ్వింది. నేత్రావతికి నవ్వు రాలేదు.

ఆ తర్వాత శిరీష తన చదువును విడిగా రుజువు చేసుకుని నెగ్గింది. ఆ సైటుకు మాత్రం అప్పటికే వేరొకరు వెళ్లిపోయారు. శిరీషే ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది. సంతోషమమ్మా అనబోయి, ఆ మాట తన నోట తగదనిపించి నేత్రావతి మధ్యలోనే ఆపేసింది.

"లైన్లో ఉండారా మేడమ్?" అని శిరీష రెండుసార్లు అడిగింది.