దొడ్డిల ఎత్తని పేరు

రాసుకో చిన్నీ. కరోనా పోయిన మరుసటేడు, శివరాత్రి దాటినంక. నేను చర్ల దిక్కు పశువుల దవాఖానల అసిస్టెంట్‌ను. మన పెనుబల్లి లెక్క కాదు ఆడ. తెల్లారితె అడవంత మంచు. మనిషి కనవడకముందే ఎడ్ల మెడల కట్టె గంటలు ఇనవడ్తయ్. కలల నడుస్తున్నట్టే ఉండేది. నవ్వకు, నిజంగనే.

వాగు అవుతల ఒక గూడెంల లేగలు సచ్చిపోతున్నయని కబురొచ్చింది. పొద్దుగాల పాలు తాగిన లేగ మాపటికి ఉంటలేదు. పెద్ద పశువులకు గాలికుంటు టీకాలు ఏసే ఉన్నయ్. గాలికుంటంటె నోట్ల పొక్కులు, గిట్టల నడుమ పుండ్లు, చొంగ కారుడు. ఒకదానికొస్తె మందంతకు అంటుకుంటది. టీకా ఏసి శాన్నాళ్లయితె దాని బలం తగ్గి మళ్ల రావొచ్చు. మరీ చిన్న లేగలకు టీకా ఏయం, వాటికొస్తె గుండె మీదనే పడ్తది.

డాక్టర్‌సారు బ్లడ్ శాంపిల్స్ తెమ్మన్నడు. నెత్తుర్ల యాంటీబాడీస్ అని ఉంటయ్, జబ్బుతోని కొట్లాడిన గుర్తులనుకో. అవి టీకాతోని వచ్చినయా, అసలు జబ్బుతోని వచ్చినయా, ల్యాబ్‌ల తెలుస్తది.

ముత్తమ్మని ఒకామె. మొగుడు లేడు, ఒక ఆవు, జత ఎడ్లు. ఆమె లేగ సుత పోయింది. దొడ్డిల ఆమె ఎద్దు కొమ్ములు పట్టుకుంటె నేను మెడ నరం దొరకవట్టి సూది పెట్టిన. చెవి ట్యాగు నంబరు ట్యూబు మీద రాసుకుంట, గాలికుంటు గిట్ల వచ్చిందా అని అడిగిన. తల కిందికేసుకోని తెల్వదన్నది. ప్రతి దొడ్డిల అడిగిన, అందరు గట్లనే అన్నరు. ఫారంల లేదు, లేదు అని రాసుకుంట పోయిన.

రిపోర్టు చూస్తె, ముత్తమ్మ ఎద్దుతోని కలిపి శానా పశువులకు అసలు జబ్బే వచ్చిపోయింది. సారు ఫారం నా ముందట పెట్టిండు.

"నీ రాతొకటి, నెత్తురొకటి చెప్తున్నయ్ మరియమ్మా. ఏది నమ్మాలె?"

సిగ్గయింది. కోపంతోని మళ్ల ముత్తమ్మ ఇంటికి పోయిన. దొడ్డిలకు పోంగనే, ఎద్దు నెత్తుర్ల బయటపడ్డది, గాలికుంటు ఎందుకు దాచినవే అని మొదలువెట్టిన. ఆమె నా నోరు మూసి, చెయ్యి వట్టి దడి దాటించి, ఇప్పచెట్టు కిందికి గుంజుకపోయింది. పూలు మా నెత్తుల మీద మెల్లగ రాల్తున్నయ్.

"దొడ్డిల దాని పేరెత్తొద్దు డాక్టరమ్మా. పిలిచినట్టయితది."

డాక్టర్ను కానే అసిస్టెంట్ననబోయి ఆగిన. నేను ఇంటింటి దొడ్డికి పోయి పేరువెట్టి పిలిచొచ్చిన గద.

"నెత్తుర్ల ఉందని ఎద్దును తోలుకపోతరా? వానలొస్తె నేనేం కట్టి దున్నాలె?"

ఎవ్వరు తోలుకపోరు, జబ్బు తగ్గినంక సుత నెత్తుర్ల దాని గుర్తుంటది, గంతే అన్న. అప్పుడు చెప్పింది. ఛత్తీస్‌గఢ్ దిక్కు ఉన్న తమ్మునికి బండి కట్టనీకి ఎద్దునిచ్చిందట. అది చొంగ కార్చుకుంట తిరిగొచ్చింది. వారానికే లేగ పోయింది. తక్కినోళ్ల ఎడ్లు సుత గట్లనే పోయొస్తుంటయట.

సారు ఛత్తీస్‌గఢ్ దిక్కు పశువుల దవాఖానోళ్లకు ఫోన్ చేసిండు. రెండు దిక్కుల టీకాలు పడ్డయ్. బయటికిచ్చిన ఎద్దు తిరిగొస్తె మూడు వారాలు గూడెం బయటనే కట్టెయ్యాలని గూడెమోళ్లే అనుకున్నరు. ఆ వానలకు ముత్తమ్మ ఆ ఎద్దునే కట్టి దున్నింది.

జబ్బొచ్చిందని నెత్తురు చెప్పింది చిన్నీ, ఏ తొవ్వన వచ్చిందో ముత్తమ్మ చెప్పింది. రిటైరయ్యేదాంక నేను ఏ ఊరికి పోయినా ముందుగాల దడి బయట కూసోని మాట్లాడిన. ఆ తర్వాతనే సూది తీసిన.