మార్జీ గదిలోని పాత కోట్లు

నిన్న బీరువాలోంచి చలికోటు తీస్తుంటే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఈ చలి దేశంలో, మా నోవై ఊళ్లో అక్టోబరు సగం దాటితే కోట్లు బయటికి రావాల్సిందే. ఐదు నెలల పాపను ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో కోటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన నాకు మార్జీ గది. ఇప్పుడు పాప పడుకుంది కాబట్టి ఆవిడ గురించి రాస్తున్నాను.

మాస్టర్స్ చదివే రోజుల్లో మా యూనివర్సిటీ మార్చింగ్ బ్యాండ్ దుస్తుల గదిలో నాకు పని దొరికింది. ఫుట్‌బాల్ ఆటలప్పుడు మైదానమంతా వరుసలు కట్టి, నడుస్తూ వాయించే బ్యాండ్ అది. నలభై ఏళ్లుగా వాళ్ల కోట్లకూ టోపీలకూ పెద్ద దిక్కు మార్జీ. డెబ్బై దాటిన మనిషి, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. "సూది పట్టడం వచ్చా?" అని అడిగారు. ఏలూరులో మా అమ్మ వీధి మొత్తానికి జాకెట్లు కుట్టేదనీ, తప్పు కుట్లు విప్పడం నా పనేననీ చెప్పాను. "కుట్టేవాళ్లు దొరుకుతారు. విప్పేవాళ్లే దొరకరు. కూర్చో," అన్నారు. "థాంక్యూ మేడమ్" అంటే, "మేడమా? ఆవిడెవరో వచ్చిందంటే నేను వెళ్లిపోతాను. నేను మార్జీని," అన్నారు. అప్పట్లో నేను భయస్తురాలిని. అడిగినదానికి కూడా సగమే జవాబు చెప్పేదాన్ని.

ఆ ఏడాది బ్యాండ్ తొలినాళ్ల మీద పాత విద్యార్థుల కమిటీ ఒక ప్రదర్శన పెడుతోంది. గోడకు తగిలించే బోర్డుల్లో ఒకదాని చిత్తుప్రతిలో, రెండో ప్రపంచ యుద్ధకాలంలోనూ బ్యాండ్‌లో నడిచింది మగవాళ్లేనని ఉంది. మార్జీ ఒప్పుకోలేదు. ఆవిడకు ఈ పని నేర్పిన బెట్టీ, అబ్బాయిలు యుద్ధానికి వెళ్లిన రెండేళ్లూ ఇంకొందరు అమ్మాయిలతో పాటు బ్యాండ్‌లో నడిచి డ్రమ్ మోసిందట. వాళ్లు తిరిగిరాగానే అమ్మాయిలను పంపేశారట. ఫోటోలు లేవు. ఆనాటి కోట్ల మీద అంకెలే తప్ప పేర్లు లేవు, వేసుకున్నది ఆడో మగో తెలియదు. "చచ్చేదాకా చెప్పింది. ఒక్కడూ రాసుకోలేదు," అనేవారు మార్జీ. ఆ వసంతంలో ఆవిడ రిటైర్ అవుతున్నారు. బోర్డులు అచ్చుకు వెళ్తే ఇక అదే చరిత్ర.

ఒక మధ్యాహ్నం ప్రదర్శనకు పెట్టే యుద్ధకాలపు కోటు ఒకదాని చిరిగిన లైనింగ్ విప్పాను. లోపల ఛాతీ దగ్గర సన్నటి సూది రంధ్రాలు, రెండు వరుసలు పైకి పోయి ఒక మొనలో కలుస్తున్నాయి. జాకెట్టు ఒంటికి అమరడానికి గుడ్డ మడిచి వేసే డాట్లు అవి. వేసి, తర్వాత విప్పేసినవి. మగవాడి కోటుకు అక్కడ డాట్లు ఎవరు వేస్తారు? ఆనాటి మిగతా కోట్ల లైనింగులూ విప్పాను. తొమ్మిదింటికి ఉన్నాయి.

మార్జీ కోట్లన్నీ ఒక్కొక్కటే వెలుతురు కిందికి తిప్పి చూశారు. "ఇన్నేళ్లూ నా చేతుల్లోనే ఉన్నాయి. లైనింగ్ విప్పాలని తోచలేదు," అన్నారు. "రేపు కమిటీకి నువ్వే చెప్పు."

"మీరు చెప్పండి మార్జీ, ప్లీజ్."

"నేను చెబితే పాత గొడవే అంటారు. చూసింది నువ్వు."

ఇంటికెళ్లి రూమ్మేట్ శ్రావణికి చెప్పాను. దానిది వరంగల్. "నీకెందుకే ఈ పంచాయితీ? వాళ్ల బ్యాండు, వాళ్ల హిస్టరీ. ఆన్-క్యాంపస్ జాబ్ పోతే మళ్ల దొరుకుతదా?" అంది.

"చూశాను కదే."

"చూసినవ్ తీ. పోతే పో గానీ, ఆ స్వెటర్ ఏస్కపోకు. పప్పు మరకున్నది."

మర్నాడు నేను చెప్పింది విని కమిటీ పెద్ద హ్యారల్డ్ మర్యాదగానే నవ్వారు. "ఏదో నాటకానికి అమ్మాయిలు వేసుకుని ఉంటారమ్మా," అన్నారు. నేను కోటు ఆయన ముందుకు జరిపాను. భుజం నుంచి ఛాతీ మీదుగా, ఉన్ని అరిగి మెరుస్తున్న వెడల్పాటి గీత ఉంది. అది డాటు అంచున ఆగి, అవతల మళ్లీ మొదలైంది. మడతలో దాక్కున్న గుడ్డ మాత్రం కొత్తగా ఉంది. "డాట్లు ఉండగానే ఇది అరిగింది సార్. ఒక్క నాటకానికి ఇంత అరగదు."

హ్యారల్డ్ కళ్లజోడు పెట్టుకుని, ఆ గీత వెంట బొటనవేలు నడిపారు. "ఇది డ్రమ్ పట్టీ రాపిడి," అన్నారు మెల్లగా. "బ్యాండ్‌లో నా కోటూ సరిగ్గా ఇక్కడే అరిగేది." కాసేపటికి పెన్ను తీసి చిత్తుప్రతిలోని ఆ వాక్యం కొట్టేశారు.

గదికి వచ్చాక మార్జీ నన్నేమీ మెచ్చుకోలేదు. "వాణ్ణి సార్ అన్నావేమిటి? ప్యాంటు చిరిగి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చినవాడు," అన్నారు. తర్వాత బెట్టీ పూర్తి పేరు కాగితం మీద రాసి ఆ కోటుకు గుచ్చారు. అది బెట్టీ వేసుకున్న కోటేనో కాదో మాకు తెలియదు.

మార్జీ పోయి రెండేళ్లయింది. నా కంగారు ఏమీ తగ్గలేదు. పాప పుట్టాక ఇంకా పెరిగింది. పోయిన వారం డాక్టరుతో, పాప ఎప్పుడూ కుడివైపే చూస్తోందని చెప్పాను. "మొదటి బిడ్డ కదా, అన్నీ అలాగే అనిపిస్తాయి," అంటూ ఆవిడ తలుపు దాకా వెళ్లిపోయారు.

"నాకు కంగారు ఎక్కువే డాక్టర్," అన్నాను. "కానీ ఇది నాకు అనిపించింది కాదు, చూసింది. ఎప్పుడూ ఆ వైపే ఆనించి, తల వెనక కుడివైపు మాత్రమే జుట్టు రాలింది. మీరూ చూడండి."

ఆవిడ వెనక్కి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, పాప తలను రెండు చేతుల్లోకి తీసుకున్నారు.