రెండు ఆదివారాలు ఆలస్యంగా పాలమూరుకు

నల్లగొండ నుంచి పాలమూరు పోయేవాళ్లు పొద్దున ఆరు గంటల దేవరకొండ బస్సు ఎక్కడం మంచిది. నేను ఎక్కింది అదే, కాని పది రోజులు ఆలస్యంగా ఎక్కాను.

పాలమూరు దవాఖానలో ఉన్న మా అక్క సువార్తమ్మ కార్డు రాయించింది. కాలి పుండు ముదిరిందట, పాదం తీసెయ్యాలట, ఇంటివాళ్లెవరైనా వచ్చి సంతకం పెట్టాలట. భర్త లేడు, పిల్లలు లేరు, ఆమెకున్నది నేనొక్కణ్ణే. కార్డు వచ్చింది గురువారం. శుక్రవారమే బయల్దేరాల్సినవాణ్ణి. పాదం తీయించడమా, ప్రార్థనతో మానుతుందని ఆగడమా అని చిక్కులో పడ్డాను. ఇట్లాంటప్పుడు మా సంఘంలో ఒక వాడుక ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక 'పో', 'ఆగు' అని రెండు చీట్లు రాసి బైబిలులో పెట్టి, తెలివి ఇమ్మని ప్రార్థించి ఒకటి తీస్తారు. నేను బడిపంతులును, ఆ సంఘానికి పెద్దను కూడా. మొదటి ఆదివారం 'ఆగు' వచ్చింది. ఆ వారమే బడికి తనిఖీ ఉంది. నిజం చెప్పాలంటే ఆ చీటీ చూసి లోపల హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మరుసటి ఆదివారం 'పో' వచ్చింది.

ఎనిమిదిన్నరకు దేవరకొండ. కల్వకుర్తి బస్సు పదింటికి గాని కదలదు కాబట్టి ఉప్మా, చాయ్ అక్కడే కానివ్వచ్చు. బస్సులో నా పక్కన గొంగడి కప్పుకున్న గొర్లకాపరి కూర్చున్నాడు. మాటల్లో అక్క సంగతి, చీట్ల సంగతి చెప్పాను, కొంచెం గొప్పగానే.

"గొర్రె బాయిల పడితే తియ్యాల్నా వద్దా అని మేమెవ్వర్ని అడుగం సారూ," అన్నాడు. "మొదలు దిగుతం."

ఆ మాట దాదాపు అట్లాగే మా గ్రంథంలో ఉంది. పిల్లలకు నేనే ఎన్నిసార్లో చెప్పాను. 

కల్వకుర్తిలో జొన్నరొట్టె తిని, ఒంటిగంట బస్సులో జడ్చర్ల మీదుగా పాలమూరు చేరేసరికి నాలుగు. దవాఖాన నడిచేంత దూరమే.

అక్కకు కాలు మోకాలి పైదాకా లేదు. విషం ఎక్కుతుంటే ఇక ఆగలేక కోసేశారట. సంతకం పక్క మంచం ఆమె పెనిమిటి పెట్టాడు.

"పోయిన వారం వచ్చినా పాదంతోనే సరిపోతుండె," అంది నర్సమ్మ.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మంచం పక్కన మోకరించాను. చీట్ల సంగతి దాచలేదు. "తెలివి ఇయ్యమని దేవుణ్ణి అడుగుకుంట కూసున్న అక్కా," అన్నాను.

"నేను గూడ అడిగిన తమ్మీ," అంది. "నిన్ను తోలియ్యమని. రోజూ వాకిలి దిక్కే చూసుకుంట పండుకున్న."



వరండాలో చాప పరుచుకుని మూడు రోజులున్నాను. గురువారం పొద్దున బయల్దేరుతుంటే, "మల్ల ఎప్పుడొస్తవు?" అంది. అలవాటు కొద్దీ, "దేవుని చిత్తమైతే..." అని మొదలుపెట్టాను.

అక్క నవ్వింది. "ఏందిరా, మల్ల చీట్లేస్తవా?"

తిరుగు దారి పొడుగునా ఆ నవ్వు నా వెంటే వచ్చింది. దేవుడు తెలివి ఇవ్వలేదని అనను. అడగకముందే, ఆ మొదటి గురువారమే, కార్డులో పెట్టి పంపాడు. నేనే చదువుకోలేకపోయాను. దేవరకొండలో దిగగానే, శనివారం ఒంటిపూట బడి వదిలాక వస్తే పాలమూరు దిక్కు పోయే ఆఖరి బస్సు ఎన్నింటికని అడిగాను. నాలుగింటికట.