పెద్దమ్మ ముట్టని రొట్టె

పోయిన మంగళవారం పొద్దున గద్వాల దవాఖాన నుంచి ఫోను వచ్చింది. మా పెద్దమ్మ పోయింది. అమ్మ లేని నన్ను పెంచింది ఆమే. చివరిదాకా ఆమె కోరుకున్నది ఒక్కటే, పెదనాయన నోట ఒక్క మాట. అది దొరకలేదు.

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉన్న ఆదివారానికి ముందురోజు ఆమెతో వీధంతటికీ తిప్పలే. ఎవరినైనా నొప్పించానేమోనని ఇంటింటికీ తిరిగేది. పక్కింటి ఖాలా కోడిని అదిలించినందుకు కూడా క్షమాపణ అడిగింది. "కోడే మర్సిపోయింది, నువ్వింక యాది వెట్టుకున్నవా?" అని ఖాలా ఒకటే నవ్వు. "మనసుల ముల్లు వెట్టుకొని రొట్టె ఎట్ల ముడ్తనక్కా?" అంది పెద్దమ్మ.

ఆ మనసే మమ్మల్ని ముంచింది. కౌలు చేలో పత్తి విత్తనం పండించేవాళ్లం. సాయంత్రం మొగ్గలు గిల్లి పుప్పొడి తీసేయాలి, పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలి. గిల్లని మొగ్గ పూస్తే తెంపి పారేయాలి, లేకపోతే విత్తనం కల్తీ అవుతుంది. ఒక ఏడు జ్వరంతో ఆమె రెండు సాళ్లు గిల్లలేకపోయింది. తర్వాత విరగబూసిన పూలను తెంపడానికి చేతులు రాలేదు. అవి కాయలయ్యాయి, పత్తంతా ఒకే కుప్పలో కలిసింది.

విత్తనం కొనే ఆర్గనైజరు వచ్చి, "అంతా సక్కగనే చేసిన్రు గదా?" అన్నాడు. మాటవరసకే అడిగాడు. పెదనాయన తలూపాడు.

పెద్దమ్మ ఊరుకోలేదు. "లేదయ్యా, రెండు సాళ్లు నేను గిల్లలే. ఆ కాయలు గిండ్లనే ఉన్నయి."

ఆర్గనైజరు కుప్పంతా వద్దన్నాడు. మళ్లీ ఎవరూ మాకు విత్తనం పండించే పని ఇవ్వలేదు. చేను చేజారింది, వనపర్తిలో నా కాలేజీ చదువు ఆగిపోయింది. ఆమె కూలికి పోయింది. పెదనాయన ఆమెతో మాట్లాడటం మానేశాడు.

రోజూ రొట్టె వడ్డించి, "పూలు తెంపకపోవుడు నా తప్పే. జర మాఫ్ చెయ్యి" అనేది. ఆయన పళ్లెం తీసుకుని వాకిట్లోకి వెళ్లిపోయేవాడు. అప్పటినుంచి చర్చిలో రొట్టె పళ్లెం వస్తే ఆమె ముట్టకుండా పక్కవాళ్లకు అందించేది. "ఆయన మనసు ఇరిగి ఉండంగ నాకెట్ల మింగుడు వడ్తది?" అనేది.

పోయే ముందురోజు పాస్టరుగారు దవాఖానకే రొట్టె, ద్రాక్షరసం తెచ్చారు. ఆమె వద్దన్నట్టు తలాడించి తలుపు వైపు చూసింది. బయట బెంచీ మీద పెదనాయన ఉన్నాడు. వెళ్లి, లోపలికొచ్చి ఒక్క మాట అనమని చెయ్యి పట్టుకున్నాను.

"నాతోని కాదు బిడ్డా" అన్నాడు.

పాస్టరుగారు గిన్నె మూసి తీసుకెళ్లారు.

ఆయన్ని అనడానికి నాకు నోరెక్కడిది? చదువు పోయిన కోపం నాలోనూ ఉంది. నువ్వు నిజం చెప్పి మంచి పని చేశావు పెద్దమ్మా అని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు. ఆమె వడ్డించిన రొట్టె మాత్రం రోజూ తిన్నాను.

నిన్న బల్ల ఆదివారం. పళ్లెం నా దగ్గరికి వచ్చింది. నేను మాఫీ అడగాల్సిన మనిషి ఇక లేదు. ముట్టకుండా పక్కవాళ్లకు అందించాను.