ఒక్క టేకు తాపియో గారు

తాపియో గారు ఏ మాటా రెండోసారి చెప్పరు, ఎవరినీ రెండోసారి చెప్పమనరు. సినిమా తీసినా అంతే, సూపు అడిగినా అంతే. పుట్టించేటప్పుడు దేవుడు ఒక్కొక్కరి నుదుట ఒక్కో వెర్రి రాస్తాడంటారు. ఈయన వంతు వచ్చేసరికి ఆ స్వామికి కూడా తొందరపనేదో ఉన్నట్టుంది, ‘ఒక్కసారే’ అన్న ముక్క రాసి పంపేశాడు.

ఆయనది ఫిన్లండ్. డెబ్బై తొమ్మిదేళ్ళు. యాభై ఏళ్ళలో తొమ్మిది సినిమాలు తీసిన డైరెక్టరు. ఇప్పుడు విన్నిపెగ్‌లో ఒక కాలేజీలో వారానికి రెండు రోజులు సినిమా పాఠాలు చెబుతారు. ఆ కాలేజీ క్యాంటీన్‌లో వండి వడ్డించే శ్యామలది హుజూరాబాద్ దగ్గర పల్లెటూరు. ఆయన సంగతి ఆమెకు మొదటి రోజే తెలిసొచ్చింది.

“ఏం కావాలండీ?” అంది శ్యామల.

ఆయన ఏదో అన్నారు. పొగను బయటికి లాగే ఫ్యాను హోరులో అది కలిసిపోయింది.

“ఏంటండీ?”

ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు.

“సూపా? శాండ్‌విచ్చా?”

ఉలుకూ పలుకూ లేదు. వెనక లైను తలుపు దాకా పెరిగింది. శ్యామల విసిగిపోయి, తను తినడానికి తెచ్చుకున్న పులిహోర డబ్బా తీసి ఆయన ట్రేలో పెట్టింది. ఆయన మూలన కూర్చుని ఆఖరి ఆవగింజ దాకా తిని, డబ్బా కడిగి తెచ్చి ఇచ్చారు. ఆ తర్వాత మూడు నెలలపాటు ఏం కావాలో చెప్పనే లేదు. ఆమె ఏది పెడితే అదే భోజనం.

వెర్రివాడనుకుంది మొదట్లో. రానురాను ఆమెకు ఇంకో సంగతి తట్టింది. ఈ దేశానికి వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఆమె ఇంగ్లీషులో నోరు విప్పితే చాలు, బ్యాంకులో ‘సారీ?’ అంటారు, బస్సులో ‘పార్డన్?’ అంటారు. ఫోన్లో మాట్లాడే మెషీను కూడా ‘ఐ డిడ్ నాట్ గెట్ దట్’ అంటుంది. తాపియో గారు మాత్రం ఒక్కనాడూ అలా అనలేదు. సగం అర్థమైతే ఆ సగానికే జవాబు చెప్పేవారు.

“నిన్న మంచులో బస్సు ఆగిపోయిందండీ, రెండు గంటలు నిలబడ్డాను” అంటే, “అవును, మంచు చాలా మంచిది” అనేవారు. మర్నాడు మాత్రం ఆమె బస్సు దిగే వేళకు తన పాత కారు వేసుకుని స్టాపు దగ్గర ఉండేవారు. ఎందుకొచ్చారని అడిగితే ఆ మాట వినపడనట్టు రోడ్డు చూసేవారు.

ఆయన కథలు శ్యామలకు చెప్పింది చరిత. చరిత విన్నిపెగ్‌లోనే పుట్టిన తెలుగు పిల్ల, ఆయన దగ్గరే చదివింది. ఇప్పుడు ఆయన షూటింగుల పనులన్నీ చూసే మేనేజరు.

“ఫస్ట్ రెండు మూవీస్ నార్మల్‌గానే తీశారు ఆంటీ. థర్డ్ నుంచి ఓన్లీ వన్ టేక్. ఎందుకో నోబడీ నోస్.”

“ఒక్కపాలికే మంచిగ రాకపోతెనో?”

“అదే ఉంచేస్తారు.”

మూడో సినిమాలో హీరో చేపలు పడుతుంటే పెట్టుడు గడ్డం ఊడి, గడ్డకట్టిన చెరువు మీద తవ్విన కన్నంలో పడిపోయింది. మళ్ళీ తీద్దామన్నారు అందరూ. ఒక్కసారే అన్నారు ఈయన. హీరో మిగతా సినిమా అంతా గడ్డం లేకుండానే నడిచాడు. ఆ ఊడిన గడ్డంలో స్వేచ్ఛ కనిపించిందని ఫ్రాన్సులో ఎవరో పుస్తకం రాశారట. ఇంకోసారి పెద్ద బహుమతి ఇచ్చారు. ఫోటో సరిగ్గా పడలేదు, మళ్ళీ స్టేజి ఎక్కమన్నారు. “ఇచ్చారు కదా” అని ఇంటికి వెళ్ళిపోయారు. మర్నాడు పేపర్లన్నిటిలో ఆయన వీపు పడింది.

“మరి పెండ్లెట్లయింది ఈయనకు?”

“ఓ, దట్ ఈజ్ ద బెస్ట్ పార్ట్. పడవలో ప్రపోజ్ చేశారట. గాలిలో ఆవిడకి వినపడలేదు. ‘ఏంటి?’ అంది. ఈయన మళ్ళీ అడగలేదు. మూడేళ్ళు ఆగి ఆవిడే వచ్చి, ‘ఆ రోజు నువ్వేం అడిగావో గానీ, సరే’ అంది.”

శ్యామల కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. “పుణ్యాత్మురాలు” అంది.

ఆ చలికాలం ఆయన పదో సినిమా మొదలుపెట్టారు. మూసేయబోతున్న ఒక క్యాంటీన్ కథ. డబ్బు పెట్టింది ఒక టీవీ కంపెనీ. వంటమనిషి వేషం శ్యామలదేనన్నారు. ఆమె కాదంది. ఆయన రెండోసారి అడగలేదు, వెళ్ళి మూలన కూర్చున్నారు. వారం రోజులు ఆ మూల చూసి చూసి, “సరేనండీ” అంది.

ఒక్కటే సీను. కథలోని క్యాంటీన్ మేనేజరు వచ్చి అందరినీ బయటికి పొమ్మంటాడు. ఆమె మాత్రం, ‘ఐ విల్ ఫినిష్ మై షిఫ్ట్’ అని ఇంగ్లీషులో అనాలి. నాలుగు రోజులు బట్టీ పట్టింది. షూటింగు నాడు కెమెరాకు కుంకుమబొట్టు పెట్టి, ఏడుకొండలవాడికి దండం పెట్టుకుని గరిటె పట్టుకుంది. మేనేజరు వేషగాడు మరీ జీవించాడు. ముఖం మీద ముఖం పెట్టి అరిచేసరికి శ్యామల మెదడులో ఇంగ్లీషు ముక్క లేకుండా ఊడ్చుకుపోయింది.

“పప్పు పొయ్యి మీదున్నది. అది దించేదాక ఈడికెల్లి కదల. ఏం జేసుకుంటవో జేసుకో పో” అంది.

నిజానికి పొయ్యి మీదున్నది బఠాణీల సూపు. వేషగాడికి ఏం చేయాలో తోచక నిజంగానే వెళ్ళిపోయాడు.

“అయింది. భోజనాలు” అన్నారు తాపియో గారు.

కంపెనీ తరఫున గ్రెగ్ అనే ఆయన ఆ సీను చూసి పరుగున వచ్చాడు. “ఆమె ఏమన్నదో ఎవరికీ అర్థం కాదు. ఇంగ్లీషులో మళ్ళీ తీయండి, లేకపోతే సీను తీసేయండి.”

“తీసేయను. మళ్ళీ తీయను.”

“అయితే మా చానల్లో రాదు. మా పేరు కూడా ఉండదు.”

“వద్దు.”

వినపడలేదేమోనని గ్రెగ్ అదంతా మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు. తాపియో గారు లేచి, టోపీ పెట్టుకుని, కిటికీ బార్లా తెరిచి కూర్చున్నారు. బయట మైనస్ ముప్ఫై. గ్రెగ్ మూడో నిమిషంలో కారెక్కాడు.

ఈ మాట తెలిసి శ్యామలకు ముద్ద దిగలేదు. ఒకరి నోటి దగ్గర అన్నం పడగొట్టినట్టనిపించింది. మర్నాడు ఆయన క్యాంటీన్‌కి రాగానే ఎదురెళ్ళింది.

“డైలాగు వచ్చేసిందండీ. ఐ విల్ ఫినిష్ మై షిఫ్ట్. చూశారా? మళ్ళీ తీయండి.”

“బాగుంది. తీయను.”

“నా ఒక్కదాని మూలంగా మీ సినిమా ఎవరూ చూడకుండా పోతుంది. ఆ పాపం నాకెందుకండీ? ఇది ఉత్త మొండితనం.”

“అవును” అన్నారాయన. కొంతసేపు బల్ల మీది ఉప్పు డబ్బా వంక చూశారు. “ఒక్కసారే చెబుతాను.”

శ్యామల వెళ్ళి ఫ్యాను కట్టేసి వచ్చింది.

“నా రెండో సినిమా. మా ఊళ్ళో హిల్యా అని బట్టలుతికే ఆవిడ. కొడుకు పోయాడని కబురొస్తుంది, ఏడవాలి. మొదటిసారే ఏడ్చింది. వెలుగు బాగాలేదు, మళ్ళీ అన్నాను. మబ్బొచ్చింది, మళ్ళీ అన్నాను. కుర్రవాణ్ణి, పేరు కావాలి నాకు. ఇరవై ఏడుసార్లు. చివరికి ఆవిడ దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది. ‘బాబూ, నా ఏడుపులో తప్పేముంది?’”

శ్యామల ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మరి సినిమాలో ఏది పెట్టారండీ?”

“మొదటిది.”

ఆమె లేచి పెద్ద గిన్నె అందుకుంది. సూపు పోసి, రొట్టె ఒకటి ఎక్కువ పెట్టి, ఆయన ముందుకు జరిపింది. “అయితే ఎవడొచ్చి అడిగినా ఆ పప్పు మాట తీసేయనియ్యకండి” అంది.

కంపెనీ అన్నంత పనీ చేసింది. సినిమా పూర్తయింది గానీ వేసే దిక్కు లేదు. అప్పుడు చరితకు ఒక ఆలోచన వచ్చింది. తెలుగు సంఘంవాళ్ళ శనివారం భోజనాలున్నాయి, కమ్యూనిటీ హాల్లో. తిన్నాక ఎలాగూ ఖాళీయే. ఒప్పించి అక్కడ తెర కట్టించింది.

రెండొందల మంది. ఎక్కువమంది కాలేజీ పిల్లలు, ఆంధ్రావాళ్ళూ తెలంగాణావాళ్ళూ కలిసి. ముప్పావుగంట దాకా తెర మీద మంచు కురవడం తప్ప ఇంకేమీ జరగలేదు. పిల్లలు ఫోన్లు తీశారు. ముందు వరసలో పెద్దాయన ఒకరు గురక మొదలుపెట్టారు. చివరి వరసలో తాపియో గారి పక్కన కూర్చున్న శ్యామల, కోటు ముఖం దాకా లాక్కుని, ‘స్వామీ, నా సీను దాకా నలుగురినైనా కూర్చోబెట్టు’ అని మొక్కుకుంది.

మేనేజరు వచ్చాడు, అరిచాడు. తెర మీది శ్యామల తలెత్తింది.

“పప్పు పొయ్యి మీదున్నది. అది దించేదాక ఈడికెల్లి కదల. ఏం జేసుకుంటవో జేసుకో పో.”

ముందు వరసలో గురక ఆగింది. మరుక్షణం కప్పు ఎగిరిపోయిందా అన్నట్టు ఈలలు. పేపర్ నాప్కిన్లు చింపి తెర మీదికి విసిరారు. గురకపెట్టిన పెద్దాయన కుర్చీ ఎక్కారు. రోజంతా స్టోర్లలో ‘సారీ?’, ‘పార్డన్?’ వినివచ్చిన పిల్లలందరూ ఒక్క గొంతై అరవడం మొదలుపెట్టారు.

“వన్స్ మోర్! వన్స్ మోర్!”

చరిత కంగారుపడి సినిమా ఆపింది. ఆ హోరులో మాట పోల్చుకోలేక తాపియో గారు ఆమె దగ్గరికి నడిచారు, వెనకాలే శ్యామల.

“ఏమంటున్నారు?”

“మళ్ళీ అంటున్నారు సర్.”

ఆయన ముఖం వాడిపోయింది. “ఆమె బాగానే చేసింది. తప్పేముంది?”

“తప్పు కాదు సర్. మావాళ్ళు నచ్చితేనే మళ్ళీ అంటారు.”

ఆయన ఆమె వంకే చూశారు. “ఏమన్నావు?”

చరిత నోరు తెరుచుకుని శ్యామల వైపు తిరిగింది. తాపియో గారు ఒక మనిషిని రెండోసారి చెప్పమనడం ఇద్దరూ వినడం అదే మొదలు.

శ్యామలే చెప్పింది, నెమ్మదిగా. “నచ్చితే మళ్ళీ అంటారండీ.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. “వెయ్యి” అని తన కుర్చీకి తిరిగి వెళ్ళారు.

వేసింది. ఈసారి హాలంతా శ్యామలతో కలిసి ఆ మాట చెప్పింది. మళ్ళీ వన్స్ మోర్. మూడోసారీ వేసింది. అప్పటికి పిల్లలకు గొంతులు పోయి, నవ్వుకుంటూ కుర్చీల్లో కూలబడ్డారు. చరిత సినిమా ముందుకు నడుపుదామని చెయ్యి పెట్టబోయింది.

చివరి వరస నుంచి బొంగురు గొంతు ఒకటి, ఫిన్లండ్ యాసలో, తాపీగా వినిపించింది.

“వన్స్ మోర్.”