నాలుగు మూలలా పసుపు

మా అమ్మ పెట్టించిన పసుపును కూర మరక అని రాసినవాణ్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. అతను పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల మీద ఇంకా కోపమేమిటని మా కోడలు అంటుంది. ఆమెకేం, అంటుంది. ఆ ఉత్తరం చదివింది నేను.

మలయాలో, సుంగై సుమున్ అనే ఊరికి నాలుగు మైళ్లు లోపలికి, ఒక కొబ్బరి ఎస్టేటులో ఉండేవాళ్లం, అమ్మా నేనూ. కూలీల గదులు వరసగా ఉండే లైనులో ఒక గది, ముందు చిన్న వసారా. నాన్న నా తొమ్మిదో ఏట జ్వరంతో పోయాడు. అమ్మ కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో పనిచేసేది. పొద్దున్నించి కాయలు పగలగొట్టడం, పొగ మీద ఆరబెట్టడం. ఆ పొగకి ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. నన్ను మాత్రం ఆ కొట్టం గడప తొక్కనివ్వలేదు. ఎస్టేటు బడిలో తెలుగు అయ్యాక, తెలుక్ ఆన్సన్ పట్నంలో మా పిన్ని ఇంట్లో ఉంచి మూడేళ్లు ఇంగ్లీషు చదివించింది. ఫీజు కట్టలేని రోజొచ్చి వెనక్కొచ్చేశాను. అదే ఎస్టేటు బడిలో చిన్నపిల్లలకి అఆలు చెప్పే పని దొరికింది. అప్పుడు నాకు పందొమ్మిది.

తెల్లవాళ్ల ప్రభుత్వం మలయాలో ఎమర్జెన్సీ పెట్టిన రోజులవి. అడవిలో కమ్యూనిస్టులున్నారని లైన్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. ఒకటే గేటు. బయటికి వెళ్లాలంటే కార్డు చూపించాలి. ఆ కార్డు మీద మన ఫోటో, మన వేలిముద్ర. ఆడవాళ్ల ఒళ్లు తడిమి చూడడానికి ఒక ఆడమనిషిని పెట్టారు. కుచ్చిళ్లలో బియ్యం దాచి అడవిలోవాళ్లకి ఇస్తున్నామేమోనని ఆవిడ రోజూ వెతికేది. మా అమ్మ దగ్గర మాకు తినడానికే బియ్యం చాలేవి కావు. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి?

ఇంత కాపలా కాసిన ఇల్లు మాదా అంటే అదీ కాదు. ఎస్టేటుది. చెయ్యి ఆడినంతకాలమే గది. మా పక్కగదిలో ఒక ముసలావిడ ఉండేది, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పెళ్లయి వచ్చిన దగ్గర్నించి అక్కడే పనిచేసింది. ఒక ఏడు ఆమె చెయ్యి పడిపోయింది. వారంలో గది ఖాళీ చెయ్యమన్నారు. గిన్నెలు గోనెసంచిలో వేసుకుని వేరే ఎస్టేటులో ఉన్న మేనల్లుడి వసారాలోకి పోయింది. అమ్మ ఆమెను గేటు దాకా సాగనంపి వచ్చి, ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత అమ్మకి ఒకటే ధ్యాస. చిన్నదైనా సరే, కంచె బయట మనదంటూ ఒక ఇల్లుండాలి.

నా బడిలో చార్టులకి అట్టలు వెయ్యడానికి కిరాణీ, అంటే ఎస్టేటు ఆఫీసు గుమాస్తా, పాత ఇంగ్లీషు పేపర్లు ఇచ్చేవాడు. అందులో ఒక ప్రకటన చూశాను. కౌలాలంపూరులో ఒక బిల్డింగ్ సొసైటీ. నెలనెలా కొంత చొప్పున తప్పకుండా పొదుపు చేస్తే, కొన్నేళ్లకి ఇల్లు కొనడానికి అప్పిస్తారట. అక్కడికి వెళ్లక్కర్లేదు, అంతా టపాలోనే. అమ్మకి చదివి చెప్పాను.

"టపాలో ఇల్లొస్తాదేటే?" అంది అమ్మ, నవ్వుతూ. కాని ఆ పేపరు ముక్క కత్తిరించి నాన్న ఫోటో వెనక పెట్టింది.

ఉత్తరం రాశాను. మూడు వారాలకి ఫారం వచ్చింది. తెల్లగా, మందంగా, మా గదిలో అంత శుభ్రమైన కాగితం అంతకుముందు ఎప్పుడూ లేదు. పేరు, ఊరు, చేసే పని, నెలకు ఎంత కడతారు. కింద సంతకం. వెనక యజమాని ధ్రువపత్రం, అంటే ఎస్టేటు నడిపే తెల్లదొర సంతకం. సంతకం రాకపోతే వేలిముద్ర వెయ్యొచ్చని రాసి ఉంది. అమ్మ ఒప్పుకోలేదు. కార్డుకి ఒకసారి వేలిచ్చాను, ఇంక ఎవరికీ ఇవ్వను అంది. కొట్టం నుంచి వచ్చాక రోజూ వసారా గచ్చు మీద బొగ్గుతో తన పేరు దిద్దేది. తెలుగులోనే. నెల పట్టింది. పాత అట్టముక్క మీద రాసి, అది నాకు నచ్చాక, అప్పుడు ఫారం మీద పెట్టింది. ఆఖరి అక్షరం కొమ్ము కొంచెం పైకి పోయింది. ఆ కొమ్ము నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. కొత్త కాగితం, మంచిపని కోసం పంపేది. నాలుగు మూలలా పసుపు పెట్టకుండా ఎలా పంపుతారు? మావాళ్లు పెళ్లి శుభలేఖైనా, కొత్త లెక్కల పుస్తకమైనా అలాగే చేస్తారు. నాకు కొంచెం సిగ్గనిపించింది, ఇంగ్లీషు ఫారం కదా అని. అయినా సరేనన్నాను. అమ్మ మాత్రం పసుపు ముట్టుకోలేదు. మొగుడు పోయినదాన్ని, నా చేత్తో వద్దు, నువ్వే పెట్టు అంది. ఆ కాగితం ఆమె కష్టం, ఆ ఇల్లు ఆమె ఆశ, ఆ సంతకం ఆమె నెల్లాళ్ల సాధన. పసుపు దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి పనికిరాకుండా పోయింది. నాకు అప్పుడే ఒళ్లు మండింది. ఏం అనలేక వేలు తడిపి నాలుగు మూలలా నేనే పెట్టాను.

ఫారం తీసుకెళ్లి కిరాణీకి ఇచ్చాను. అతను మనవాడే. విశాఖపట్నం వైపు నుంచి వాళ్ల తాత గుమాస్తాగా వచ్చాడట. చక్కటి తెలుగు మాట్లాడేవాడు, ఇంట్లో పూజలూ పునస్కారాలూ అన్నీ ఉండేవి. ఫారం అటూ ఇటూ తిప్పి, దొర చేత సంతకం పెట్టించి తనే పంపిస్తానన్నాడు. నేను దణ్ణం పెట్టి మరీ వచ్చాను. అది తలుచుకుంటే ఈ చేతుల మీదే నాకు కోపమొస్తుంది.

రెండు నెలలు గడిచాయి. అమ్మ రోజూ అడిగేది, ఏటైనా వచ్చిందా అని. వచ్చింది. సొసైటీ నుంచి పెద్ద కవరు. మా ఫారం తిరిగొచ్చింది. ఫారం ఆహారపు మరకలతో ఉన్నందువల్ల తీసుకోలేమనీ, శుభ్రమైన ఫారం మీద మళ్లీ పంపమనీ రాశారు. లోపల కొత్త ఫారం కూడా ఉంది. ఆ పాత ఫారానికి గుండుసూదితో ఇంకో కాగితం గుచ్చి ఉంది. అక్కడెవరో పొరపాటున తియ్యకుండా పంపేసినట్టున్నారు. కిరాణీ రాసిన ఉత్తరం. ఆ గుండ్రటి అక్షరాలు నాకు బాగా తెలుసు. ఫారం పరిస్థితికి మన్నించండి, ఇవి కూర మరకలు, దరఖాస్తుదారు చదువురాని కూలీ ఆడది, వీళ్ల చేతులు ఎప్పుడూ ఇంత మురికిగానే ఉంటాయి, నెలనెలా కడుతుందని నేననుకోను. అంతే రాశాడు. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు.

బడి వదిలేదాకా ఎలా ఆగానో తెలియదు. పిల్లల్ని పంపేసి తిన్నగా ఆఫీసుకి వెళ్లాను. కిరాణీ ఒక్కడే ఉన్నాడు. అతని బల్ల మీద కూతురి పెళ్లి శుభలేఖల దొంతర. దొరకీ, పై ఉద్యోగులకీ పంచడానికి తెచ్చుకున్నట్టున్నాడు. ప్రతి శుభలేఖకీ నాలుగు మూలలా పసుపు. తడి ఇంకా పూర్తిగా ఆరలేదు.

పై శుభలేఖ పక్కనే మా అమ్మ ఫారం పెట్టాను. రెంటి మీదా ఒకే పసుపు.

"ఇయ్యి కూడా కూర మరకలేనా, అయ్యగారూ?" అన్నాను.

 అతను శుభలేఖలు సర్దాడు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. ఈ పచ్చటి గుర్తులేమిటని దొర అడిగాడట. ఇప్పుడు కాగితం మీద ఏ గుర్తు కనపడినా కమ్యూనిస్టుల సంకేతమేమోనని వాళ్లకి అనుమానమట. పూజ అని చెబితే ఏం పూజ, ఎందుకు అని వంద ప్రశ్నలు వేస్తాడు, అందుకే కూర అన్నాడట. అలా అనబట్టే సంతకం పడిందట. ఈ మాటలో కొంత నిజం ఉండొచ్చు. ఉందనే ఇంకా మండింది. మరి మురికి చేతులని ఎందుకు రాశారు, కడుతుందనుకోనని ఎందుకు రాశారు, అది కూడా దొర అడిగాడా అన్నాను. అతను శుభలేఖల దొంతర సొరుగులో పెట్టేశాడు. కొత్త ఫారం శుభ్రంగా రాసి తీసుకురా, ఈసారి నేనే చూసుకుంటాను, అన్నాడు చివరికి. ఏదో మేలు చేస్తున్నట్టు.

అతనితో అంత గట్టిగా మాట్లాడినదాన్ని, ఇంటికొచ్చి అమ్మ ముందు పిల్లినైపోయాను. ఆ ఉత్తరం తెలుగులో చెబితే ఆమె ఏమైపోతుందోనని భయమేసింది. నెల్లాళ్లు బొగ్గుతో దిద్దిన చేతిని మురికి చెయ్యి అన్నారని ఎలా చెప్పను? ఏదో తప్పొచ్చిందట, మళ్లీ రాయమన్నారు, ఈసారి పసుపు వద్దు అన్నాను. ఏం తప్పని అడిగింది. తెలియదన్నాను. ఆ ఉత్తరం మడిచి నా పెట్టెలో అడుక్కి తోసేశాను.

అమ్మ ఇంక అడగలేదు. కొత్త ఫారం ముందు పెడితే మాత్రం సంతకం పెట్టలేదు. నాకొద్దు, నీ పేరనే రాసుకో అంది. ఎంత బతిమాలినా వినలేదు. ఎందుకమ్మా అంటే, నీకు ఉద్యోగముంది, నీ పేరైతే తిరిగిరాదు అంది. అది సబబుగానే అనిపించి నా పేరే రాశాను. నా సంతకం పెట్టాను. శుభ్రంగా, తెల్లగా వెళ్లింది, శుభ్రంగా ఖాతా తెరుచుకుంది. ఖాతా పుస్తకం టపాలో వచ్చిన రోజు అమ్మకి ఇస్తే చీర కొంగుతో పట్టుకుంది. చేత్తో ముట్టుకోలేదు. నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

నెలనెలా పోస్టాఫీసుకి వెళ్లి పోస్టల్ ఆర్డరు కొని పంపేదాన్ని. గేటు దగ్గర తడిమించుకుని వెళ్లడం, తడిమించుకుని రావడం. నా జీతంలో కొంత, అమ్మ కూలిలో ఎక్కువ. ఒక్క నెల తప్పలేదు. ఆమె రెండు పూటలే తిన్న నెలలున్నాయి. కిరాణీ ఎదురైనప్పుడల్లా తల పక్కకి తిప్పుకునేవాడు.

మెర్దేకా వచ్చింది. బడి ముందు కొత్త జెండా ఎగరేశాం, నా పిల్లలు గొంతులు చించుకుని మెర్దేకా అని ఏడుసార్లు అరిచారు. స్వతంత్రం వచ్చింది గాని లైను గది మాత్రం ఎస్టేటుదే. ఆ పైయేడు దొరలు ఎస్టేటుని ముక్కలు చేసి అమ్మడం మొదలెట్టారు. కొన్నవాళ్లకి కూలీలు అక్కర్లేదు. ఎన్నో కుటుంబాలు మూటలు నెత్తిన పెట్టుకుని గేటు దాటాయి. మాకు సొసైటీ అప్పిచ్చింది. సుంగై సుమున్ చివర రెండు గదుల చెక్క ఇల్లు, రేకుల కప్పు. మాకు అది చాలా ఎక్కువ.

గృహప్రవేశం రోజున అమ్మ కనపడలేదు. వెతికితే వెనక నూతి దగ్గర గిన్నెలు తోముతోంది. మా పిన్ని ఆమెని పిలవొద్దంది, గడపకి పసుపు రాసేవరకూ ముండమోసింది ఎదురు రాకూడదని. అప్పుడు నాకు తెగింపొచ్చింది, ఇంక ఏదీ దాచదలచుకోలేదు. పెట్టెలోంచి ఆ ఉత్తరం తీసి నూతి దగ్గరికి వెళ్లాను. ఒక్కొక్క మాటా తెలుగులో చదివాను. కూర మరక, మురికి చేతులు, కడుతుందనుకోను, అన్నీ.

అమ్మ బూడిద చేతులతో విన్నది. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఆమెకి కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె మొహం తేటపడింది. 

"అయితే నా సెయ్యి తగిలినందుకు కాదన్నమాట," అంది.

ఆరేళ్లు. ఆరేళ్లు ఆమె అదే అనుకుంది. ముండమోపి చెయ్యి పడిన కాగితం గనుక తిరిగొచ్చిందని. అందుకే సంతకం పెట్టలేదు, అందుకే పుస్తకం ముట్టుకోలేదు. ఆమెను కాపాడుతున్నాననుకుని ఆ మాట ఆమెకి తగిలించింది నేనే. కిరాణీ రాసింది ఒక్కసారి. నేను నోరు మూసుకుని ఆరేళ్లు రాశాను.

చెయ్యి పట్టుకుని లేవదీశాను. గుమ్మం ముందు పిన్ని అడ్డం నిలబడింది. పక్కకి తప్పుకోమన్నాను, నా గొంతు విని తప్పుకుంది. అమ్మ పళ్లెంలో వేళ్లు ముంచి గడప ఈ చివర నుంచి ఆ చివరకి పసుపు రాసింది. తీరిగ్గా, దిద్దినట్టు. రాసి, లేవకుండానే నా వైపు చూసింది.

"అప్పుడే సెప్పుంటే సంతకం నానే పెట్టుదును గదే," అంది.

ఆ ఇంటి కాగితాల మీద ఇప్పటికీ ఉన్నది నా సంతకమే.