ఆదివారం పూట చందువాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నవ్వన్నది వినపడని నెల ఒకటి గడిచింది. శ్రీకాకుళంలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్న మా చిన్నాన్న, వాళ్ల రాజకీయశాస్త్రం మాస్టారి మాటలు ఒంటబట్టించుకుని, చదువు మానేసి ఆయన పార్టీ పనిలోకి పోతానన్నాడు. పొద్దున మాస్టారు చెప్పింది సాయంత్రానికి చిన్నాన్న ఫేస్‌బుక్‌లో ఉండేది. మా తాతయ్యదేమో మొదట్నుంచీ ఇంకో జెండా. తండ్రీకొడుకులు కలిసి అన్నానికి కూర్చోవడం మానేశారు. మధ్యలో నలిగిపోయింది మా మామ్మ. సముద్రం మీద బతికే మా ఇంట్లో అంతదాకా చదివినవాడు చిన్నాన్నొక్కడే మరి!

ఒక ఆదివారం మామ్మ తట్టలో మంచి చందువా చేపలు పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని అరసవల్లిలో ఆ మాస్టారింటికి బయల్దేరింది. కాళ్లు పట్టుకునైనా కొడుకు చదువు నిలబెట్టుకోవాలని ఆవిడ ఆరాటం. ఆదివారం సూర్యదేవుడిదని అక్కడ చాలా ఇళ్లలో నీచు ముట్టరు. ఆ సంగతి మామ్మకు తెలియక కాదు. దేవుడే లేడని పాఠాలు చెప్పే ఆ మాస్టారికి ఆదివారమేమిటి, సోమవారమేమిటి అనుకుంది.

తలుపు తీసిన మాస్టారి భార్య చేతిలో గుడి ప్రసాదం ఉంది. తట్ట చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. మామ్మకు తల కొట్టేసినట్టయింది. వెనకనుంచి మాస్టారు ఒకటే నవ్వు.

"నా పాఠాలు మా ఇంట్లోనే సెల్లవమ్మా. ఈవిడ గుడికెళ్తాది, బండి మీద దింపేది నేనే. ఓటు కూడా నా పార్టీకి కాదు."

మామ్మ అరుగు మీద కూలబడి, కొడుకు సంగతి చెప్పుకుని ఏడ్చింది. మాస్టారి నవ్వు ఆగిపోయింది. చిన్నాన్న చదువు మానేస్తానన్నది ఆయనకు తెలియనే తెలియదట. ఆ చేపలు రేపు మీ ఇంట్లోనే తింటానని చెప్పి మమ్మల్ని పంపించారు.

అన్నట్టే మర్నాడు మధ్యాహ్నం వచ్చి, తాతయ్యకూ చిన్నాన్నకూ మధ్యన కూర్చున్నారు. పులుసు కలుపుకుంటూనే తాతయ్యతో వాదన పెట్టుకున్నారు. మా తాతయ్య తగ్గే మనిషి కాదు, గొంతు వీధి చివరికి వినపడింది. మాస్టారు మాత్రం మారు అన్నం అడిగి మరీ తిన్నారు. చివరికి చిన్నాన్న వైపు తిరిగారు.

"ఒరే, మీ నాన్న ఇంతసేపు నన్ను కాదన్నాడు. ఇన్నాళ్లలో నువ్వొక్కసారీ కాదనలేదేటి? ముందు పరీక్షలు రాయి. అప్పటికీ నా జెండాయే నచ్చితే రా."

చిన్నాన్న తల దించుకున్నాడు. తాతయ్య తన కంచంలోని పెద్ద ముక్క తీసి కొడుకు కంచంలో వేశాడు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ మామ్మ 'హమ్మయ్య' అంటూ నెల రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలింది.

చిన్నాన్న డిగ్రీ పూర్తిచేశాడు. జెండా మాత్రం మార్చలేదు, తాతయ్యతో గొడవలూ మానలేదు. కాకపోతే ఆ గొడవలన్నీ పక్కపక్కన కూర్చుని అన్నం తింటూనే.

ఇప్పుడు నేనూ కాలేజీలో ఆ రాజకీయశాస్త్రమే చెబుతున్నాను. నేనన్నదానికి క్లాసంతా తలూపితే నాకు గుబులు పుడుతుంది. వెనక బెంచీలోంచి ఏ పిల్లో లేచి, "అలా ఎలాగవుద్ది మేడమ్" అందంటే చాలు, ఆ మధ్యాహ్నం మామ్మ వదిలిన ఊపిరే నేనూ వదులుతాను.